సైన్స్ దినోత్సవానికి ‘ఛీ ఛీ’ ప్రయోగాలు: ముందు ఇవి చూసుకోండి

ఫిబ్రవరి 28 దగ్గరపడింది. అనంతపురం బడుల్లో బూజు, జిగురు, వానపాములతో ప్రయోగాలు చేయించబోయే వారి కోసం ఈ జాగ్రత్తలు. అసహ్యమని మానకండి. ‘ఛీ’ అన్న పిల్లే మళ్లీ వంగి చూస్తుంది.

బాత్రూము యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఆ గదిలోనే ఉంచకండి. రెండూ కలిస్తే వచ్చే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. నురగ రావడానికి వంటసోడా, నిమ్మరసం చాలు.

వంటసోడా, నిమ్మరసం కలిపిన సీసాకు మూత బిగించకండి. లోపల పుట్టే కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడికి పగలవచ్చు.

తడిపిన జొన్న రొట్టె ముక్కను కవరులో పెట్టి అతికించాక మళ్లీ తెరవకండి. కొద్ది రోజుల్లో తెల్లటి నూగు, దాని మీద గుండుసూది మొనంత నల్లటి చుక్కలు కనిపిస్తాయి. వాటి నిండా సిద్ధబీజాలే, అంటే బూజుకు విత్తనాల్లాంటివి. గాలిలోకి లేస్తే ఉబ్బసం ఉన్న పిల్లలకు ప్రమాదం. భూతద్దంతో కవరు బయటి నుంచే చూపించి, అలాగే పారేయండి.

వానపాములను తడి గోనె మీదే ఉంచండి. అవి చర్మంతో ఊపిరి తీసుకుంటాయి, మన ఎండకు త్వరగా ఎండిపోతాయి. చూడటం అయిపోగానే మట్టిలో వదిలేయాలి.

జిగురు ముద్దకు బోరాక్స్ వద్దు, నోట్లోకి పోతే హాని. రెండు వంతుల కార్న్‌ఫ్లోర్‌కు ఒక వంతు నీళ్లు కలపండి. గుద్దితే గట్టిపడుతుంది, వదిలితే కారుతుంది. మిగిలింది సింకులో పోస్తే గొట్టం పూడుకుపోతుంది.

సబ్బు, రెండు బకెట్ల నీళ్లు ముందే పెట్టుకోండి. కుళాయిని నమ్ముకోలేం.

ముట్టుకోనన్న పిల్లలను బలవంతపెట్టకండి. నోటుపుస్తకం ఇచ్చి, చూసింది రాయమనండి.