బెంగళూరు బడిలో కొత్తగా చేరిన పిల్లలు, టీచర్లు కుదురుకోవాలంటే ఏం చేయాలి?

కొత్త పిల్లలు కుదురుకున్నారో లేదో మొదటి రోజు తెలియదు. ఆ రోజు అందరూ బాగానే చూసుకుంటారు. పేరు అడుగుతారు, ముందు బెంచీలో కూర్చోబెడతారు, చాక్లెట్ చేతిలో పెడతారు. చిక్కంతా మూడో వారంలో. అప్పటికి బడి వాళ్ళు మరిచిపోయి ఉంటారు. పిల్లలకేమో టీచర్ ‘పుట హదినేళు’ (పదిహేడో పేజీ) అన్నప్పుడు ఏ పేజీ తీయాలో ఇంకా తెలిసి ఉండదు. కొత్త టీచర్ సంగతీ దాదాపు ఇంతే. అందుకని కింది పనులను ఆరు వారాల మీద పరుచుకోండి. ఇవి ఆంధ్ర, తెలంగాణల నుంచి బెంగళూరు వచ్చే కుటుంబాలకూ, వాళ్ళను చేర్చుకునే బడులకూ ఉద్దేశించినవి.

1. ఊరు వదలకముందే కాగితాలు

టీసీలో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా అన్నది ఆఫీసు గది దాటకముందే చూసుకోండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా మళ్ళీ పాత ఊరికి ప్రయాణం తప్పకపోవచ్చు. వేరే రాష్ట్రానికి వెళ్తున్నామని చెప్పి, మండల లేదా జిల్లా విద్యాశాఖ అధికారి సంతకం కూడా వేయించుకోవడం మంచిది. చాలా బడులు అది అడుగుతాయి. స్టడీ సర్టిఫికెట్, చివరి ప్రోగ్రెస్ రిపోర్టు, పెన్ నంబరు (పిల్లలకు దేశమంతటా ఒకటే ఉండే విద్యార్థి నంబరు) తీసుకోండి.

ఎక్కువమంది మరిచిపోయేది ఇంకొకటుంది. యూడైస్ ప్లస్‌లో, అంటే దేశంలోని బడుల, పిల్లల వివరాలుండే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, పాత బడి పిల్లల పేరును డ్రాప్‌బాక్స్‌లోకి (బడి మారేవాళ్ళ జాబితాలోకి) వదలాలి. వదలకపోతే కొత్త బడి ఎంత ప్రయత్నించినా ఆ పేరు పాత బడిలోనే కనిపిస్తుంది. కర్ణాటకలో దీనికి తోడు ఆ రాష్ట్రం పిల్లలకు ఇచ్చే శాట్స్ నంబరు ఉంటుంది. దాని సంగతి కొత్త బడి ఆఫీసు చూసుకుంటుంది, మీరు గుర్తుచేస్తే చాలు.

టీసీ ఆలస్యమైతే కంగారు వద్దు. ఎనిమిదో తరగతి లోపు పిల్లలను ప్రభుత్వ, ఎయిడెడ్ బడిలో చేర్చుకోవడానికి ఆ ఆలస్యం అడ్డు కాకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతోంది.

2. పేరు, దారి

మనం ఇంటిపేరు ముందు రాస్తాం. హాజరు పట్టీలో మొదటి మాటనే పేరనుకుని ఇంటిపేరుతో పిలిచే టీచర్లు బెంగళూరులో చాలామంది. పిల్లలు దాన్ని సరిదిద్దరు, సిగ్గుతో పలుకుతారు. ఏడాదంతా ఆ పేరే నిలిచిపోతుంది. చేరిన రోజే ‘ఇంట్లో, స్నేహితులు ఏమని పిలుస్తారు?’ అని అడిగి, పట్టీలో ఆ మాట పక్కన పెన్సిల్‌తో రాసుకోండి.

తరగతులు మొదలయ్యే ముందు రోజుల్లో ఓ అరగంట పిల్లలను బడికి తీసుకెళ్ళండి. గేటు నుంచి తరగతి, తరగతి నుంచి బాత్రూమ్, మంచినీళ్ళ కుళాయి, అన్నం తినే చోటు, బస్సు ఎక్కే చోటు, ఈ వరుసలో నడిపించండి. రెండోసారి పిల్లలు ముందు నడవాలి, పెద్దలు వెనక. బస్సు రూట్ నంబరు, దిగే స్టాపు పేరు డైరీ మొదటి పేజీలో ఉండాలి. సర్జాపుర్ రోడ్డు, వైట్‌ఫీల్డ్ వైపు దూరం కొద్దిదే అయినా ట్రాఫిక్‌లో బస్సు బాగా ఆలస్యం కావచ్చు. ఇంటికి చేరేసరికి పిల్లలు అలసిపోయి ఉంటే మొదటి వారం ట్యూషన్ జోలికి వెళ్ళకండి.

3. జోడీ: ఒకరు కాదు, ఇద్దరు

కొత్త పిల్లలకు తోడుగా క్లాసు ఫస్ట్ వచ్చేవాళ్ళనే పెట్టే అలవాటు మానుకోవాలి. వాళ్ళ పనులు వాళ్ళకుంటాయి. పైగా మొదటి పరీక్షలోనే పోలిక మొదలవుతుంది. అదే బస్సులో వచ్చేవాళ్ళలో ఒకరిని, అదే బెంచీలో కూర్చునేవాళ్ళలో ఒకరిని ఎంచండి. ఒకరు రాని రోజు రెండోవారు ఉంటారు. ఇద్దరిలో ఒకరికే తెలుగు రావాలి. ఇద్దరూ తెలుగువాళ్ళయితే ముగ్గురూ కలిసి ఓ మూలకు చేరిపోతారు, కన్నడం చెవిన పడదు.

జోడీ పని రెండు వారాలే. భోజనానికి పక్కన కూర్చోవడం, బాత్రూమ్‌కు దారి చూపడం, హోంవర్క్ డైరీ సరిచూడడం, పొద్దున ప్రార్థనలో పాడే నాడగీతె (కర్ణాటక రాష్ట్ర గీతం) మాటలు చెప్పడం. ఆ పాటను తెలుగు లిపిలో రాసి ఒక కాగితం ఇస్తే ఇంకా మంచిది. అందరూ పాడుతుంటే నోరు మెదపకుండా నిలబడడం పిల్లలకు చాలా పెద్ద అవమానం. పెద్దలకు ఇది తోచదు.

4. కన్నడం

2015 నాటి కన్నడ భాషా బోధన చట్టం వల్ల సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడుల్లోనూ కన్నడం నేర్పాలి. ఒకటి నుంచి మూడో తరగతి పిల్లలు ఆటల్లోనే పట్టేస్తారు. కష్టమంతా ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో చేరేవాళ్ళకు. ఆ తరగతుల కన్నడ పుస్తకంలో పద్యాలుంటాయి, వీళ్ళకేమో అక్షరాలే రావు.

తెలుగు చదవడం వచ్చిన పిల్లలైతే అక్షరమాల మొదటి నుంచి దిద్దించకండి. చాలా అక్షరాలు చూడగానే గుర్తుపడతారు. తేడా ఉన్నవే నేర్పండి. క, త, శ లాంటి వాటి రూపం వేరు. కీ, కే, కో వంటి వాటిలో దీర్ఘానికి పక్కన విడిగా ఒక గుర్తు వస్తుంది. మన పిల్లలు దాన్ని వదిలేస్తారు, మార్కులు అక్కడే పోతాయి. మూడోది అర్కావత్తు. ‘సూర్య’, ‘కర్ణాటక’ రాసేటప్పుడు రకారం హల్లుకు కుడి పక్కన కన్నడ తొమ్మిది అంకెలా వస్తుంది. ఇది మన వలపలగిలకే. పాత తెలుగు పుస్తకాలు చదివిన తాతయ్యో అమ్మమ్మో ఇంట్లో ఉంటే ఐదు నిమిషాల్లో చెప్పేస్తారు. రోజుకు 20 నిమిషాల చొప్పున ఈ మూడింటికీ రెండు వారాలు పెట్టండి.

మాటలకు ఒక కిటుకుంది. మన మాట మొదట్లో ఉండే పకారం కన్నడంలో తరచు హకారమవుతుంది. పాలు హాలు, పులి హులి, పువ్వు హూవు, పాము హావు, పంది హంది, పల్లె హళ్ళి. ఇలా ఓ పాతిక మాటల జాబితా చేసిస్తే పిల్లలకు ధైర్యం వస్తుంది. తికమక పెట్టేవీ ఉన్నాయి. ‘కుడి’ అంటే అక్కడ తాగు, ‘మాడు’ అంటే (పని) చెయ్యి, ‘తిండి’ అంటే టిఫిన్, అన్నం తినడానికి ‘ఊట’.

హైదరాబాద్ ఇంగ్లిష్ మీడియం నుంచి వచ్చి తెలుగే చదవలేని పిల్లలకు ఈ దారి పనికిరాదు. వాళ్ళకు మాటతోనే మొదలుపెట్టి, లిపి రెండో నెలకు వదిలేయండి.

అందరికీ మొదటి వారంలో రావలసినవి అంకెలు, ఓ ఆరు వాక్యాలు. అంకెలు ఎందుకంటే పేజీ నంబరు, లెక్క నంబరు, బస్సు నంబరు అన్నీ అంకెలే. టీచర్ నోటితో చెప్పే నంబరును బోర్డు మీద కూడా రాస్తే సగం బాధ పోతుంది. వాక్యాలు ఇవి: ‘అర్థ ఆగ్లిల్ల మిస్’ (అర్థం కాలేదు మిస్), ‘ఇన్నొంద్ సల హేళి’ (ఇంకోసారి చెప్పండి), ‘నీర్ కుడీబేకు’ (నీళ్ళు తాగాలి), ‘టాయ్‌లెట్‌గె హోగ్బహుదా?’ (టాయ్‌లెట్‌కు వెళ్ళొచ్చా?), ‘పుస్తక తందిల్ల’ (పుస్తకం తేలేదు), ‘కన్నడ స్వల్ప బరత్తె’ (కన్నడం కొంచెం వచ్చు).

మొదటి మూడు వారాలు అందరి ముందూ నిలబెట్టి కన్నడం చదివించకండి. కొత్త భాషలో కొన్నాళ్ళు విని ఊరుకోవడం పిల్లలకు సహజం. యాసను వెక్కిరించేవాళ్ళను ఆ క్షణంలోనే, గట్టిగా కాకుండా, ఆపాలి. వదిలేస్తే మరుసటి రోజుకు అదే ముద్దుపేరవుతుంది.

5. పాఠాల్లో ఖాళీలు

పాత పుస్తకాల విషయసూచిక తెప్పించి, పిల్లలనే పక్కన కూర్చోబెట్టుకుని ‘వచ్చు, కొంచెం వచ్చు, వినలేదు’ అని టిక్కు పెట్టించండి. తర్వాత లెక్కల్లో, ఇంగ్లిష్‌లో అరగంట చీటీ పరీక్ష ఒకటి. దానికి మార్కులు వేయకండి. వేస్తే ఇంట్లో అదే మొదటి ర్యాంకు అయి కూర్చుంటుంది.

హైస్కూల్ పిల్లలైతే భాష ఎంపిక ముందే తేల్చుకోండి. కర్ణాటక ఎస్‌ఎస్‌ఎల్‌సీలో (పదో తరగతి పరీక్షలో) ప్రథమ భాష మార్కులు ముఖ్యం. తెలుగును ప్రథమ భాషగా తీసుకునే వీలు బోర్డు నిబంధనల్లో ఉంది కానీ, ఆ బడిలో తెలుగు చెప్పే టీచర్ ఉన్నారా అన్నది అడ్మిషన్ ఫీజు కట్టకముందే అడగాలి.

6. మూడో వారంలో చూడవలసినవి

నీళ్ళ సీసా నిండుగా తిరిగొస్తోందా? బాత్రూమ్‌కు వెళ్ళడానికి భయపడి నీళ్ళు తాగడం లేదేమో కనుక్కోండి. డబ్బా సగం మిగులుతోందా? కూర నచ్చకపోవడం కన్నా పక్కన ఎవరూ లేకపోవడమే కారణం కావచ్చు. సోమవారం పొద్దున కడుపు నొప్పి, ఆదివారం సాయంత్రం చిరాకు, ఈ రెండూ వరుసగా రెండు వారాలు కనిపిస్తే క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. బడి తరఫున మూడో రోజు, పదో రోజు, ఇరవై ఒకటో రోజు తల్లిదండ్రులకు ఫోన్ వెళ్ళాలి. వాట్సాప్ గ్రూపులో ‘ఎలా ఉన్నారు?’ అని పెట్టే మెసేజ్ దీనికి సరిపోదు. అక్కడ అందరూ నమస్కారం బొమ్మ పెట్టి ఊరుకుంటారు.

7. కొత్త టీచర్‌కు

బడులు కొత్తగా వచ్చినవారికి అల్లరి సెక్షన్ అంటగట్టి, ఎక్కువ పీరియడ్లు వేసి, జూలైలో ‘క్లాస్ కంట్రోల్ లేదు’ అంటాయి. ఇది న్యాయం కాదు, లాభమూ లేదు. మొదటి రెండు వారాలు వారానికి నాలుగైదు పీరియడ్లు తగ్గించి, ఆ సమయంలో అదే తరగతికి చెప్పే ఇతరుల పాఠాలు కనీసం మూడు చూడనివ్వండి.

పాత టీచర్ వెళ్ళేలోపు ఒక పేజీ రాయించుకోవాలి: ఏ పాఠం దాకా అయింది, నోట్సు ఎలా దిద్దుతారు, ఆస్తమా, మూర్ఛ ఉన్న పిల్లలెవరు, ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టకూడదు. పేర్లతో సీటింగ్ చార్టు గీసిస్తే మొదటి వారంలోనే సగం క్లాసును పేరుతో పిలవగలుగుతారు.

అడగడానికి పెట్టే మనిషి పైఅధికారి కాకూడదు. జిరాక్స్ ఎవరు తీస్తారు, సబ్‌స్టిట్యూషన్ పట్టీ ఎప్పుడు పెడతారు, పిల్లలకు దెబ్బ తగిలితే ఎవరికి ఫోన్ చేయాలి, ఇలాంటివి హెచ్‌ఎంను అడగడానికి మొహమాటం. స్టాఫ్ రూమ్‌లో ఒక కుర్చీకి, బీరువాలో ఒక అరకు పేరు రాసి చూపించండి. ఎవరి కుర్చీలోనో కూర్చుని లేవవలసి వచ్చిన టీచర్ లంచ్‌కు మళ్ళీ ఆ గదికి రారు.

బెత్తం వాడుక ఉన్న చోటు నుంచి వచ్చినవారికి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలనూ, మాటలతో హింసనూ నిషేధించిందని చేరిన రోజే చెప్పాలి, సంఘటన జరిగాక కాదు. తెలుగు టీచర్లకు ఇంకో మాట. క్లాసులో తెలుగు పిల్లలతో తెలుగులో మాట్లాడాలనిపిస్తుంది. వరండాలో మాట్లాడండి, క్లాసులో వద్దు. మిగతా పిల్లలు దాన్ని పక్షపాతమనుకుంటారు.

మొదటి పేరెంట్స్ మీటింగ్‌కు కొత్త టీచర్ పక్కన కన్నడం వచ్చిన ఒకరు కూర్చోవాలి. ఆరో వారం చివర కొత్త పిల్లలను, టీచర్లను విడివిడిగా మూడు అడగండి: ఏది వెతుక్కోవలసి వచ్చింది, ఎవరిని అడగాలో ఎప్పుడు తెలియలేదు, మొదటి రోజే చెప్పి ఉండవలసింది ఏమిటి. జవాబులు ఒక కాగితం మీదకు ఎక్కించి ఆఫీసులో అడ్మిషన్ ఫారాల ఫైలులో పెట్టండి. వచ్చే మే నెలలో ఫారాలు ఇచ్చేటప్పుడు అది కూడా చేతికొస్తుంది.