గరువు నేలలో బిళ్ళగన్నేరు సాగు

మందుల తయారీకని బిళ్ళగన్నేరు వేసే ముందు ఆకూ వేరూ ఎవరు కొంటారో తేల్చుకోండి. పెసలకో మొక్కజొన్నకో ఉన్నట్టు దీనికి ఊళ్లో కొనేవాడు ఉండడు. ఏ రకం కావాలి, ఎంత తేమ ఒప్పుకుంటారు, రవాణా ఖర్చు ఎవరిది అన్నవి కాగితం మీద రాయించుకున్నాకే దుక్కి మాట.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో లావేరు, రణస్థలం, చీపురుపల్లి వైపు ఎర్ర గరువులు (మెట్ట నేలలు) దీనికి బాగా సరిపోతాయి. చౌడు, నీరు నిలిచే పల్లం పనికిరావు. లక్నోలోని సీమ్యాప్ (ఔషధ, సుగంధ మొక్కల కేంద్ర పరిశోధన సంస్థ) ఇచ్చిన నిర్మల్, ధవళ్ రకాలు ఉన్నాయి. విత్తనం తాజాదై ఉండాలి. నెలలు గడిచేకొద్దీ మొలక బాగా పడిపోతుంది. సొంతంగా కట్టుకుంటే కాయ పసుపు తిరగగానే కోయండి. పండి చీలితే గింజలన్నీ నేలపాలు.

నేరుగా వెదజల్లితే ఎకరాకు కిలో గింజలకు పది కిలోల ఇసుక కలపాలి. నారు పోస్తే 200 గ్రాములు చాలు. మన జిల్లాలకు నారే మంచిదని మా గట్టి అభిప్రాయం. మే మొదట్లో పోస్తే రెండు నెలల నారు జూలై వానలకు నాటుకు వస్తుంది, ఏడాది పంట మళ్లీ మే నెలకు తెమిలిపోతుంది. జూలైలో వెదజల్లిన చేను మరుసటి జూలై వానల్లోనే తవ్వాలి, అప్పుడు వేరు ఎండే దారి లేదు. గింజ చీకట్లోనే బాగా మొలుస్తుంది కాబట్టి పైన మట్టి పల్చగా కప్పండి. పది రోజుల్లో మొలక కనిపిస్తుంది.

దుక్కిలో ఎకరాకు 6 టన్నుల పశువుల ఎరువు, 75 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు, 20 కిలోల పొటాష్, 17 కిలోల యూరియా వేయాలి. తర్వాత మరో 17 కిలోల యూరియాను రెండు దఫాలుగా పైపాటుగా ఇవ్వాలి. వరుసల మధ్య 45, మొక్కల మధ్య 30 సెంటీమీటర్లు ఉంటే ఎకరాకు 30 వేల మొక్కలు పడతాయి. నాటిన రెండు నెలలకు ఒకసారి, నాలుగు నెలలకు ఇంకోసారి కలుపు తీయండి.

చేను దెబ్బతినేది ఎక్కువగా నీళ్లతోనే. కొమ్మ చివర నుంచి నల్లబడి కిందికి ఎండుతూ వస్తే అది ఎండు తెగులు. అలాంటి కొమ్మలు కోసి తగలబెట్టి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపాలి. 2018లో తిత్లీ తుపాను వచ్చింది అక్టోబరులోనే, అందుకే మురుగు కాలవలు సెప్టెంబరులోపు తీసి ఉంచండి. ఆకులు చిన్నవై గుబురుగా వచ్చి, పువ్వులు పచ్చబడి ఆకుల్లా మారితే అది నువ్వుచేలో వచ్చే వెర్రి తెగులు లాంటిదే. దీపపు పురుగులు మోసుకొస్తాయి. మందు లేదు, కనబడిన మొక్క పీకేయడమే. పక్కన నువ్వు వేయకపోవడం మేలు.

ఆకును ఆరో నెలలో, తొమ్మిదో నెలలో దూస్తారు. మిగిలింది ఏడాదికి మొక్కతో పాటే వస్తుంది. మంచు ఆరాకే దూయండి. తడి ఆకు బస్తాలో ఒక్క రాత్రి ఉంటే వేడెక్కి నల్లబడుతుంది. ఎండలో కాదు, గాలి ఆడే పాకలో పల్చగా పరిచి రోజూ తిరగేయాలి. అరచేతిలో నలిపితే గలగలమని పొడి కావాలి. ఈనె మెత్తగా వంగితే ఇంకా తేమ ఉన్నట్టే, అలా బస్తాకెత్తితే బూజు పట్టి సరుకు మొత్తం వెనక్కి వస్తుంది.

వేరుకైతే ముందు మొక్కను నేలకు మూడంగుళాల పైన కోసి, చేనంతా బాగా తడపాలి. పదునెక్కాక నాగలి కట్టి వేళ్లు ఏరాలి. పొడి నేలలో లాగితే సన్న వేళ్లు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. కడిగేటప్పుడు బెరడు ఊడనివ్వకండి, అందులోనే సారం ఎక్కువ. వేళ్లనూ నీడలోనే ఆరబెట్టాలి. ఎకరాకు ఎండు వేరు వర్షాధారంగా సుమారు 300 కిలోలు, నీటి వసతి ఉంటే 600 కిలోలు వస్తుంది. ఎండుటాకు వరుసగా 800, 1400 కిలోల దాకా వస్తుంది. గోనె సంచుల్లో నింపి చెక్కల మీద పేర్చండి. ఎరువుల బస్తాల పక్కన వద్దు.

ఈ ఆకులోంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ తీస్తారు. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరో వైపు లాగే సన్నని నాళికలు కట్టకుండా ఇవి అడ్డుకుంటాయి. అందుకే పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్‌కు విన్‌క్రిస్టిన్ ముఖ్యమైన మందైంది. కానీ ఆకులో ఇది అతి స్వల్పం. గ్రాము మందుకు ఎండుటాకు వందల కిలోల్లో కావాలి, వేరుచేయడం ఫ్యాక్టరీలోనే సాధ్యం.

కాబట్టి ఇంట్లో ఎవరూ దీని కషాయం కాచుకోకూడదు. క్యాన్సర్‌కే కాదు, షుగర్‌కని నాలుగాకులు నమలడమూ వద్దు. కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు మొదట ఈ ఆకును పరీక్షించింది షుగర్ కోసమే. ఎలుకల్లో షుగర్ తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆ ఆధారం పట్టుకునే 1958లో విన్‌బ్లాస్టిన్ బయటపెట్టారు. కీమో తీసుకుంటున్నవారు, గర్భిణులు అసలు ముట్టకూడదు. ఆకు దూసే కూలీలకు చేతి తొడుగులు ఇవ్వండి, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడిగించండి. ఎవరైనా తాగి వాంతులు చేసుకుంటుంటే వెంటనే 108కి ఫోన్ చేయండి, ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఆ మొక్క కొమ్మ ఒకటి వెంట తీసుకెళ్లండి.