తెల్లకర్రతో నడక (చూపులేనివారికి నేర్పేవారి కోసం), నాలుగో పాఠం: సముద్రాన్ని బట్టి దిక్కు తెలుసుకోవడం

కర్ర పట్టిన చెయ్యి నడుము మధ్యకు ఎదురుగా ఉండాలనీ, కుడికాలు ముందుకు పడేటప్పుడు కర్ర కొన ఎడమవైపు నేలను తాకాలనీ, అది తిరిగే వెడల్పు భుజాలకంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ ఉండాలనీ గత పాఠంలో చెప్పుకున్నాం. ఈ లయ ఇంకా కుదరని విద్యార్థికి ఈ పాఠం ఆపి ఉంచడమే మేలు. అడుగుల మీద ధ్యాస ఉన్నంతసేపు చెవి దారిని పట్టించుకోదు.

కర్ర ముందున్న గుంతనూ మెట్టునూ చెబుతుంది గాని, ఏ దిక్కుకు పోతున్నామో చెప్పదు. విశాఖలో ఆ పనికి సముద్రం ఉంది. ఆర్కే బీచ్‌లో ఫుట్‌పాత్ మీద విద్యార్థిని కదలకుండా నిలబెట్టి, కెరటాల హోరు రెండు చెవులకూ సమానంగా వినబడేదాకా మెల్లగా తిరగమనండి. అప్పుడు సముద్రం ఎదురుగానైనా ఉండాలి, వీపు వెనకైనా ఉండాలి. ఆ సందేహం తీరడానికి తలను మాత్రం కాస్త కుడికి తిప్పాలి: హోరు ఎడమచెవిలో పెరిగితే సముద్రం ఎదురుగా ఉన్నట్టు, కుడిచెవిలో పెరిగితే వెనక ఉన్నట్టు. సముద్రానికి ఎదురుగా నిలిచినవాడు అక్కడినుంచి ఎడమకు పావు చుట్టు తిరిగితే లాసన్స్ బే వైపు, అంటే ఈశాన్యానికి, ముఖం పెట్టినట్టే. ఇక నడిచినంతసేపూ హోరు కుడిచెవిని వదలకూడదు.

గాలిని నమ్ముకోవడం నాకు ఇష్టం లేదు. పగలు నేల వేడెక్కాక సముద్రం నుంచి వీచే గాలి రాత్రి ఎదురు మళ్లుతుంది. ఉదయపు ఎండ కుడిచెంపకు తగలడం మాత్రం మంచి సాక్ష్యమే. బస్సు పోతూ హోరును మింగేస్తే, అది దాటేదాకా ఆగి, ఫుట్‌పాత్ అంచును కర్రతో తడిమి ఉంచుకోవాలి. నడుముకు పైన వేలాడే కొమ్మలు, బోర్డులు కర్రకు అందవు కాబట్టి మొదట్లో మీరు పక్కనే నడవాలి.

ఇంటికి వచ్చాక, వెళ్లేటప్పుడు సముద్రం కుడివైపు ఉండాలన్న ఆ గుర్తును బ్రెయిలీ (వేలితో తడిమి చదివే చుక్కల లిపి) పలక మీద రాయించండి. ఒక్కో గడిలో ఆరు చుక్కలకు చోటుంటుంది; కింది అంకెలు వాటిలో ఏవి గుచ్చాలో చెబుతాయి. ‘సముద్రం’ ఏడు గళ్లు పడుతుంది: స 2-3-4, మ 1-3-4, ఉ 1-3-6, పొల్లు 4, ద 1-4-5, ర 1-2-3-5, సున్న 5-6. పొల్లు చుక్క ‘ద’కు ముందే వస్తుందని గట్టిగా చెప్పాలి, పిల్లలు తరచుగా తడబడేది ఇక్కడే. పలక మీద కుడి నుంచి ఎడమకు గుచ్చి, కాగితం తిప్పి ఎడమ నుంచి వేలితో చదువుకోవాలి. దాని పక్కనే ‘కుడి’ రాయాలి: క 1-3, ఉ 1-3-6, డ 1-2-4-6, ఇ 2-4. తిరుగు దారికి ఏ మాట రాయాలో విద్యార్థినే చెప్పనివ్వండి.