ప్రేమవిందులో అందరినీ ఒకేలా చూసుకోవడం ఎలా?

పాతికేళ్లుగా మా చర్చి సంఘంలో క్రిస్మస్‌కీ, వార్షికోత్సవానికీ అందరికీ కలిపి పెట్టే భోజనం, అంటే ప్రేమవిందులో వడ్డన బాధ్యత నాదే. చుట్టుపక్కల సంఘాలు పిలిచినా వెళ్తాను. అందరినీ సమానంగా ప్రేమించమని ప్రసంగం విన్న పది నిమిషాలకే, బయట షామియానా కింద మనిషికో మర్యాద జరగడం చూసి చూసి ఇది రాస్తున్నాను.

ముందు సరుకులు. రెండు వందల మందికి 25 కిలోల బియ్యం, 30 కిలోల చికెన్, సాంబారు, పెరుగు, విస్తళ్లు, నేలమీద పరవడానికి పట్టాలు చాలు. ఇవి ఎవరైనా చూసుకుంటారు. కూర మాత్రం అందరికీ ఒకటే వండించండి. అతిథులకని వేరుగా వేపుడు చేయించి లోపలి గదిలో పెడితే అది ప్రేమవిందు కాదు.

బఫే పెట్టకండి. బఫేలో ఒంట్లో సత్తువున్నవాళ్లు ముందుంటారు, ముసలివాళ్లు ప్లేటు పట్టుకుని నిలబడతారు. కొరింథు సంఘంలో కొందరు ముందే తినేసి, కొందరు ఆకలితో మిగిలిపోతుంటే, ఒకరి కోసం ఒకరు ఆగమని అపొస్తలుడైన పౌలు వాళ్లకు రాసిన ఉత్తరం బైబిల్లో ఉంది. బంతి భోజనంలో చివరి విస్తట్లో కూడా అన్నం పడ్డాకే ప్రార్థన చేసి మొదలుపెడతాం. ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనిపించలేదు.

అసలు కష్టం కూర్చోబెట్టడం దగ్గర వస్తుంది. యాకోబు పత్రిక రెండో అధ్యాయం మొదటి వచనంలో మన తెలుగు బైబిలు ‘మోమాటము’ అన్న మాట వాడింది. అంటే మొహం చూసి మనిషికో తీరుగా నడుచుకోవడం. ఇప్పుడు మనం మొహమాటమంటే కాదనలేకపోవడం అనుకుంటాం. వడ్డన దగ్గర నిలబడితే రెండూ ఒకటేనని తెలుస్తుంది. పేదవాళ్లని తక్కువ చేయాలని ఎవరూ అనుకోరు. కారు దిగి వచ్చినాయన్ని ‘కాసేపు ఆగండి’ అనలేక ఎవరినో లేపుతాం. లేపేటప్పుడు మారుమాట్లాడకుండా లేచేవాళ్లనే చూసుకుంటాం.

ఒకసారి మొదటి బంతిలో ఒక అవ్వ కూర్చుంది. విస్తట్లో నీళ్లు చల్లి, అరచేత్తో తుడిచి సిద్ధంగా ఉంది. అంతలో ఊరి పెద్దమనిషి కుటుంబంతో వచ్చాడు. ‘అవ్వా, నువ్వు రెండో బంతిలో కూర్చుందువులే’ అన్నాను. ఆ మాట అన్నది నేనే. అవ్వ ఏమీ అనలేదు. తడి విస్తరి మడిచి చేత్తో పట్టుకుని లేచింది. రెండో బంతికి వెతికితే కనపడలేదు.

అందుకే ఇప్పుడు ఒక్కసారి కూర్చున్నవాళ్లని ఎవరొచ్చినా లేపనివ్వను. వారం ముందే పాస్టర్‌గారితో, సంఘపెద్దలతో ఈ మాట ఒప్పించుకోండి. అప్పటికప్పుడు చెబితే కుదరదు. పెద్ద మనుషులొస్తే ‘రండి సార్, తర్వాతి బంతిలో మనిద్దరం పక్కపక్కనే కూర్చుందాం’ అనండి, అన్నట్టే కూర్చోండి. నేను ఇలా పిలిచినవాళ్లలో కోపం తెచ్చుకుని వెళ్లిపోయినవాళ్లు ఒక్కరూ లేరు. కింద కూర్చోలేనివాళ్లకు బల్లలు వేయండి. మోకాళ్ల నొప్పులు ఎవరికుంటే వాళ్లకే ఆ బల్లలు.

ఏ కులంవాళ్లు ఆ కులంవాళ్లతోనే గుంపుగా కూర్చునే సంఘాలూ చూశాను. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరకి ఈ పరీక్షే వచ్చింది. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని పైకులాలవాళ్లు అంటే, ఆయన మాదిగలకు తలుపు మూయలేదు. 1878 జూలైలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన సంఘాల్లో చాలావాటి పుట్టుక అక్కడిది. కాబట్టి గుంపుల్ని చూస్తూ ఊరుకోకండి. వచ్చిన వరసలోనే కూర్చోబెట్టండి.

వడ్డించే యవనస్తుల గరిటె మీద కన్నేసి ఉంచండి. తెలిసినవాళ్ల దగ్గర గరిటె గిన్నె అడుగు దాకా వెళ్లి ముక్కలు తెస్తుంది. తెలియనివాళ్ల దగ్గర పైన తేలి పులుసే తెస్తుంది. చెయ్యి తెలియకుండా చేసే పని ఇది, తిట్టకండి. ప్రతి విస్తరికీ ఒకసారి అడుగు నుంచి కలిపి వెయ్యమనండి.

ఆఖరి బంతిలో వంటవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు కూర్చుంటారు. వాళ్లకి పాస్టర్‌గారూ సంఘపెద్దలే వడ్డించాలి. వాళ్ల కోసం కూర ముందే ఒక గిన్నెలోకి తీసి మూతపెట్టి ఉంచండి.