చలికి వాడిన దొండపాదును పీకకండి

డిసెంబరు వచ్చేసరికి దొండపాదు ఆకులు పండుబారతాయి, కాపు ఆగిపోతుంది. ఎండిపోయిందనుకుని చాలా ఇళ్లలో పీకి పారేస్తారు. వరంగల్‌లో చలి మరీ ఎక్కువేం కాదు గానీ, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు రాత్రిళ్లు 10 డిగ్రీల లోపుకు దిగే రోజులుంటాయి. దొండ, కరివేపాకు, మునగ ఒకసారి నాటితే ఏళ్లకేళ్లు తినొచ్చు. మన దగ్గరి చలికి అవి చావవు, ఎదుగుదల ఆపుకుంటాయి, అంతే. ఆ రెండు నెలలూ ఎదగడం లేదని నీళ్లు కుమ్మరిస్తేనే వేరు కుళ్లి పోతాయి.

పాదు బతికుందో లేదో చూడాలంటే మొదలు దగ్గర తీగ బెరడును గోటితో గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే బతికున్నట్టే. దొండకు భూమిలో దుంపలాంటి లావు వేరు ఉంటుంది, మళ్లీ చిగురు పెట్టే బలం అందులోనే దాచుకుంటుంది.

కొత్తగా నాటేవాళ్లకు మిరుగు (మృగశిర కార్తె) పోయాక పడే వానలు మంచి అదను. అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు గుంత తీసి, తవ్విన మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు ఒక తట్ట, వేపపిండి అరకిలో కలిపి నింపండి. చెల్క నేలైతే, అంటే ఇసుకపాళ్లున్న ఎర్రనేలైతే, ఇది చాలు. నల్లరేగడి అయితే ఇసుక, ఎర్రమట్టి కూడా కలిపి అరడుగు ఎత్తు దిబ్బ చేసి దానిమీద నాటాలి, లేకుంటే వానాకాలంలోనే మొదలు కుళ్లుతుంది.

దొండను గింజతో పెంచొద్దు. ఆడ, మగ తీగలు వేరువేరు. గింజ మొక్క ఏదో పూత వచ్చేదాకా తెలియదు. పువ్వు కింద చిన్న పిందె ఉంటే ఆడది, ఉత్త కాడే ఉంటే మగది. అందుకే కాసే పాదు నుంచే ముక్కలు తీసుకోవాలి, అదీ మీరు కాయ తిని చూసిన పాదు నుంచి. కంచెల మీద పాకే కాకిదొండ తీగ తెచ్చి పెట్టుకుంటే చేదు కాయలే మిగులుతాయి. పెన్సిల్ లావున్న ముదురు తీగను నాలుగు కణుపులు ఉండేలా జానెడు ముక్కలు కోసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా గుంతకు నాలుగు నాటండి. తలకిందులు కాకుండా చూసుకోండి, పై కొసకు పేడ రాస్తే ఎండిపోదు. చిగురించాక బలమైన రెండింటిని ఉంచి మిగతావి తీసేయండి.

పందిరి ఆరడుగుల ఎత్తు చాలు. తీగ పందిరి అందుకునేదాకా పక్క కొమ్మలు గిల్లేయాలి, పైకెక్కాక కొస తుంచితే కొమ్మలు విరివిగా వస్తాయి. కాపు మొదలయ్యాక మూడు నాలుగు రోజులకోసారి కోయండి; కాయలు ఎర్రబడేదాకా వదిలితే కొత్త పిందెలు తగ్గుతాయి. వంకర తిరిగి, గోధుమరంగు చుక్క ఉన్న కాయల్లో పండుఈగ పిల్లలుంటాయి. వాటిని పాదు కిందే విసిరేస్తే మట్టిలో ఈగలై మళ్లీ వస్తాయి, వేడినీళ్లలో వేసి పారబోయండి.

ఇక చలికాలం. డిసెంబరులో నీళ్లు పది రోజులకోసారికి తగ్గించండి, ఎరువు అసలే వద్దు. వరంగల్ దగ్గర సంక్రాంతి తర్వాత, ఆదిలాబాద్ వైపు శివరాత్రి దగ్గరపడ్డాక పాత తీగలన్నీ నేల నుంచి రెండడుగులు ఉంచి కోసేయండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్న లెక్క ఇక్కడ బాగా పనికొస్తుంది: ముందే కోస్తే లేత చిగుర్లు చలికి కమిలిపోతాయి. కోశాక ఒక తట్ట ఎరువు వేసి నిండా తడపండి.

కరివేపాకు కూడా అంతే. చలికి చిగురు ఆగి ఆకు పసుపెక్కితే జనం యూరియా చల్లుతారు. వేరు పని చేయనప్పుడు అది దండగ. ఫిబ్రవరిలో కొసలు తుంచండి, గుబురుగా వస్తుంది. చలి పోయినా లేతాకు పచ్చబడక, ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా ఉంటే అది ఇనుము లోపం, సున్నం ఎక్కువున్న నేలల్లో మామూలే. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము కలిపి సాయంత్రం పూట కొట్టండి. ఆకు మీద పిట్ట రెట్టలా కనిపించేది గొంగళిపురుగు కావచ్చు, పెద్దయ్యాక పచ్చగా మారి కొమ్మంతా బోడి చేస్తుంది. ఏరేయడమే మందు.

మునగలో పెరట్లకు పీకేఎం-1 అనే రకం సులువు. రెండున్నర అడుగులకు కొస తుంచాలి, లేకపోతే అందనంత ఎత్తు పోయి గాలికి విరుగుతుంది. పూతమీద ఉన్నప్పుడు నీళ్లు ఎక్కువైతే పూత రాలిపోతుంది. కాపు అయ్యాక మూడడుగుల ఎత్తులో నరికితే మళ్లీ వస్తుంది. కోతుల బెడద ఉన్న ఊళ్లలో మునగ మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి, కొమ్మలు పెళుసు.

ఏప్రిల్, మే ఎండలకు అన్నింటి మొదళ్ల చుట్టూ జానెడు మందాన వరిగడ్డి పరవండి, కాండానికి నాలుగు వేళ్ల దూరం వదిలి. ఆనించి వేస్తే చెదలు పడతాయి.

నీడ ఉన్న మూల మిగిలితే కంద పెట్టుకోవచ్చు. చలికి దాని ఆకు పూర్తిగా పడిపోయి నేల ఖాళీగా కనిపిస్తుంది. తవ్వకుండా ఉంచుకోవాలనుకుంటే అక్కడ ఒక కర్ర గుచ్చి పెట్టండి, లేదంటే మరో మొక్క కోసం వేసిన గడ్డపార నేరుగా దుంపలో దిగుతుంది.