హాస్టల్లో నిజంగా ఎంతమంది తాగుతున్నారు? లెక్క ఇలా తేల్చండి

తాగి మెట్ల మీద గోల చేసిన నలుగురి పేర్లు తెల్లారేసరికి కాలేజీ అంతా తెలుస్తాయి. గదిలో రికార్డు రాసుకుని పడుకున్న నలభై మంది ఎవరి లెక్కలోకీ రారు. "ఇక్కడ తాగనోడెవడు?" అనే మాట పుట్టేది అక్కడే. 1993లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విద్యార్థులపై ప్రెంటిస్, మిల్లర్ చేసిన అధ్యయనంలో తేలింది ఇదే: క్యాంపస్‌లో తాగుడు విషయంలో తమకున్న ఇబ్బంది తోటివాళ్లకు లేదని ఎక్కువమంది అనుకున్నారు.

మీ హాస్టల్లో ఈ తేడా కొలవడానికి సగం ఏ4 కాగితం చాలు. ముందువైపు మూడు ప్రశ్నలు: గత 30 రోజుల్లో ఎన్ని రోజులు తాగారు? తాగిన రోజు ఎంత? వద్దన్నవాణ్ని బలవంతం చేయడం మీకు ఇష్టమేనా? వెనకవైపు, ఇవే ప్రశ్నలకు ఈ హాస్టల్లో మామూలు విద్యార్థి ఏం రాస్తాడనుకుంటున్నారో అడగండి. వరస తిప్పితే పక్కవాడి గురించి వేసిన అంచనా సొంత జవాబులోకి జొరబడుతుంది.

"ఎన్ని సీసాలు" అని మాత్రం అడగొద్దు. 42.8 శాతం మద్యం 30 ఎంఎల్ పెగ్గులో ఆల్కహాల్ సుమారు 10 గ్రాములు. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 ఎంఎల్ సీసాలో సుమారు 41. "ఒక్క బీరే కదా" అన్నవాడు నాలుగు పెగ్గులు తాగినట్టే. ఈ లెక్క కాగితం మీదే అచ్చు వేయండి.

ఆదివారం పెట్టకండి, ఊళ్లకెళ్లినవాళ్లు తప్పిపోతారు. మంగళవారం రాత్రి భోజనాల వేళ మెస్ గుమ్మం దగ్గర పంచండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. అందుకే వార్డెన్ అక్కడ నిలబడితే అందరూ సున్నాలే వేస్తారు. పేరు, గది నంబరు, బ్రాంచి వద్దు. అందరికీ ఒకే రకం పెన్ను, తాళం వేసిన డబ్బా. మెయిల్‌తో లాగిన్ అడిగే ఆన్‌లైన్ ఫారం అసలే వద్దు. మూడింట రెండొంతుల కాగితాలైనా తిరిగి రాకపోతే ఆ అంకె బయటపెట్టకండి.

సగటు తీయకండి, 30 రోజులూ తాగేవాడొక్కడు దాన్ని పైకి లాగేస్తాడు. కాగితాలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి నడిమిది చూడండి. 101 ఉంటే 51వది.

నోటీసు బోర్డు మీద అసలు అంకె, అనుకున్న అంకె పక్కపక్కనే, ఎంతమంది రాశారో కూడా పెట్టండి. అసలు అంకే ఎక్కువగా ఉంటే పెట్టొద్దు, తక్కువ తాగేవాడు ఇంకా తాగడానికి అది ఊతమవుతుంది. అప్పుడు మూడో ప్రశ్న జవాబు చూడండి. బలవంతం చేయడం ఎక్కువమందికి ఇష్టం లేదని తేలితే అదొక్కటే రాయండి. వచ్చే సెమిస్టర్‌లో ఇదే కాగితం, మళ్లీ మంగళవారమే.