దసలి పట్టుపురుగు: 3వ పాఠం – గూడు చూసి లోపలి సంగతి చెప్పడం

పోయిన పాఠంలో పచ్చటి దసలి పురుగును, అంటే అడవి చెట్ల మీద బతికే టసర్ పట్టుపురుగును గుర్తుపట్టాం. ఈసారి అది తన చుట్టూ పట్టుతో అల్లుకునే గూడు. దీనికి ఎండాకాలమే అదను. ఆకు రాలి కొమ్మలు బయటపడతాయి కాబట్టి, వానకాలంలో ఎంత వెతికినా దొరకని గూడు అప్పుడు దూరం నుంచే కనిపిస్తుంది. వాగు ఒడ్డున తెల్లమద్ది, చెలక గట్టు మీద రేగు, నల్లమల అంచు ఊళ్లలో నల్లమద్ది ఉంటే ముందు వాటినే చూడండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి మాత్రం అనుమతి లేకుండా వెళ్లొద్దు.

మొదట తొడిమ చూడండి. గద్వాల చీరకు పట్టునిచ్చే మల్బరీ పురుగు గూటికి ఇది ఉండదు. దసలి పురుగు కొమ్మ చుట్టూ పట్టుతోనే కడియంలా ఒక చుట్టు వేసి, దాన్నుంచి తొడిమ దించి, కింద గూడు కడుతుంది. ఆకు రాలినా గూడు రాలకపోవడానికి కారణం ఆ చుట్టే. నాకు ఈ పురుగు పనితనంలో అన్నిటికన్నా నచ్చేది అదే. గూడు అల్లాక లోపలి నుంచి ఒక ద్రవం పూస్తుంది. అందులోని కాల్షియం ఆక్సలేట్ వల్ల గూడు గోరుతో నొక్కినా లొంగనంత గట్టిపడుతుంది.

ఇప్పుడు గూడును చుట్టూ తిప్పి చూడండి. తొడిమ వైపు పెద్ద రంధ్రం ఉండి, అంచున దారాలు పక్కకు తొలగి ఉంటే లోపల ఎదిగిన రెక్కల పురుగు (మాత్) వెళ్లిపోయింది. అది దారాన్ని కొరకదు, కొరకడానికి నోరే పనిచేయదు. ఒక ఎంజైమ్‌తో జిగురును మెత్తబరిచి దారాలను తోసుకుని వస్తుంది. చిన్న గుండ్రటి రంధ్రం ఉంటే పట్టుపురుగును తిని బతికే ఊజీ ఈగ లాంటి పరాన్నజీవి పని అయ్యుండొచ్చు.

రంధ్రమే లేకపోతే అరచేతిలో పెట్టుకుని బరువు చూడండి. బరువుగా ఉంటే లోపల ప్యూపా (పురుగు రెక్కల పురుగుగా మారే మధ్య దశ) బతికి ఉండే అవకాశం ఎక్కువ. తేలిగ్గా ఉండి, మెల్లగా కదిపితే ఎండు గింజలా గలగలమంటే చచ్చిపోయినట్టే. గట్టిగా ఊపొద్దు, కోసి చూడొద్దు. ఎండాకాలమంతా అది లోపల నిద్రలో ఉండి, తొలకరి తేమకు లేస్తుంది.

బరువున్న గూడును చెట్టు మీదే వదిలేయడం మేలు. కింద పడి దొరికితే తొడిమ పైకి ఉండేలా నీడలో వేలాడదీయండి. బయటికొచ్చిన రెక్కల పురుగు పట్టుకుని వేలాడే చోటు లేకపోతే రెక్కలు ముడతలుగానే ఉండిపోతాయి.

వచ్చే పాఠానికి మూడు చెట్లు చూసి, దొరికిన ప్రతి గూడుకూ చెట్టు పేరు, రంధ్రం ఎటువైపు ఉందో రాసి ఉంచండి. మృగశిర కార్తె వచ్చేసరికి ఆ రాతలతోనే మనకు పని.